గండిపేట, హిమాయత్‌సాగర్: వందేళ్ల ఆనకట్టలు మూసీ వరదను ఎంతవరకు ఆపుతాయి?

జంట జలాశయాలు అనగానే హైదరాబాదీలకు తాగునీరే గుర్తొస్తుంది. వీటిని కట్టించింది మాత్రం 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచన మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్ (గండిపేట) 1920లో, ఈసీ వాగుపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

చిక్కల్లా ఒకటే. వరదను ఆపాలంటే చెరువులో ఖాళీ ఉండాలి, తాగునీటికైతే నిండుగా ఉండాలి. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. నీరు ఆ దరిదాపులకు చేరాక భారీ వాన పడితే, కట్ట ఎంత గట్టిదైనా గేట్లెత్తి కిందికి వదలాల్సిందే. 2025 సెప్టెంబరులో గేట్లెత్తిన రోజుల్లోనే మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చాయి.

మరి కట్ట సంగతి? 15 మీటర్లు దాటిన డ్యాములను ఏటా వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీ చేయాలని 2021 డ్యాం భద్రత చట్టం చెబుతోంది. కట్టలో ఊట, గేట్ల తుప్పు, వాటిని ఎత్తే యంత్రాలు... ఇంత పాత కట్టడంలో ముందు చూడాల్సినవి ఇవే. గేటు సమయానికి లేవకపోతే నీరు కట్ట మీదికి ఎక్కుతుంది.

గేట్లు ఎత్తుతున్నట్టు జలమండలి ప్రకటిస్తే నార్సింగి దగ్గరి సర్వీస్ రోడ్డు, చాదర్‌ఘాట్ లోలెవల్ వంతెన వైపు వెళ్లకండి. మీ వీధిలో వాన లేకున్నా సరే, ఆ నీరు ఎగువ నుంచి వస్తుంది.