పెద్దల కోసం తీసే జీవితకథా యానిమేషన్ చిత్రాలు

నిజంగా బతికిన మనిషి కథను పెద్దల కోసం బొమ్మల్లో చెప్పే సినిమాలివి. వీటికి పురస్కారాలు బాగానే వస్తాయి, పెద్ద వసూళ్లు మాత్రం అరుదు. మర్జానే సత్రపి తన ఇరాన్ బాల్యం గురించి విన్సెంట్ పారొనోతో కలిసి తీసిన ‘పెర్సెపోలిస్’ 2007లో కాన్ జ్యూరీ బహుమతిని మరో చిత్రంతో పంచుకుంది. డెన్మార్క్ చిత్రం ‘ఫ్లీ’ (2021)లో కథ చెప్పేది పేరు, ముఖం బయటపెట్టలేని ఒక అఫ్గాన్ శరణార్థి. అతనికి బొమ్మే రక్షణ. యానిమేషన్, డాక్యుమెంటరీ, అంతర్జాతీయ చిత్రం అనే మూడు విభాగాల్లోనూ ఒకేసారి ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి చిత్రమిదే, అయితే ఒక్కటీ గెలవలేదు.

వసూళ్లలో మేలైన ఉదాహరణ ‘లవింగ్ విన్సెంట్’ (2017). చిత్రకారుడు వాన్ గో చివరి రోజుల గురించిన ఈ సినిమాకు వందమందికి పైగా చిత్రకారులు సుమారు 65,000 ఫ్రేములను నూనెరంగులతో చేత్తో గీశారు. దాదాపు 55 లక్షల డాలర్ల ఖర్చుకు 4 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

తెలుగులో జాతీయ పురస్కారం పొందిన ‘కిట్టు’ (2006) పిల్లల చిత్రం. 2025లో తెలుగులోనూ ఘనంగా ఆడిన ‘మహావతార్ నరసింహ’ పురాణగాథ. పెద్దలు సైతం బొమ్మల సినిమాకు టికెట్ కొంటారని అది తేల్చింది. ఇక నిజ జీవితాల విషయానికొస్తే, తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో జీవితకథా చిత్రానికి తగిన జీవితాలకు కొదవ లేదు. ఉదాహరణకు, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం (మరణం 2022) ఆత్మకథ ఇప్పటికే పుస్తకంగా ఉంది.