చుక్కల గీత

మా అమ్మాయికి డ్రైవింగు నేర్పుతున్నాను. (నవ్వుకుంటున్న వాళ్ళంతా నా కారెక్కిన వాళ్ళే అయ్యుంటారు!) నేర్పేది హైన్స్ డ్రైవ్ మీద. డెట్రాయిట్ పడమటి శివార్లలో రూజ్ ఏటి పక్కన, చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పోయే దారి అది. మొన్న ఆదివారం బోర్డు చూసి "ఈ హైన్స్ ఎవరు నాన్నా?" అంది. ఆయన నాకెందుకు తెలుసో చెప్పాలంటే 1999 డిసెంబరు దాకా వెళ్ళాలి.

అప్పటికి నేనిక్కడికొచ్చి మూడు నెలలు, లైసెన్సు చేతికొచ్చి మూడు వారాలు. రాత్రి క్లయింటు ఆఫీసు నుంచి ఇంటికి బయల్దేరాను. రోడ్డంతా మంచు, బియ్యప్పిండి ఆరబోసినట్టు. డెట్రాయిట్లో ఐ-94 ఎక్కే ర్యాంపులు పాతకాలం నాటివి, బాగా పొట్టివి. పైగా గీతలన్నీ మంచు కిందే ఉన్నాయి. నా లేన్ ఎక్కడ అయిపోతుందో, హైవే ఎక్కడ మొదలవుతుందో తెలీలేదు. భయమేస్తే మనవాళ్ళం చేసే పనే చేశాను... బ్రేకు మీద నిలబడ్డాను. వెనకాలొస్తున్న ట్రక్కువాడు జారుతూ, హారన్ మోగిస్తూ, వెంట్రుకవాసిలో పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నుంచి నాకు గీతలంటే భక్తి. అవి ఎవరు వేశారో వెతకడం మొదలుపెట్టాను.

తీరా చూస్తే మొదటివాడు మా ఊరివాడే! ఎడ్వర్డ్ హైన్స్, వేన్ కౌంటీ రోడ్ల కమిషన్ సభ్యుడు. 1906లో మొదలైన ఆ కమిషన్లో తొలిరోజుల్లో హెన్రీ ఫోర్డు కూడా ఉన్నాడు. 1909లో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద మైలు పొడవున కాంక్రీటు పరిచింది వీళ్ళే. నున్నటి రోడ్డొచ్చింది, కార్లొచ్చాయి, కానీ నడిరోడ్డు నాదంటే నాదని అందరూ మధ్యలోనే నడిపేవారు. కారుతున్న పాలబండి ఒకటి రోడ్డు మీద వదిలిన తెల్లటి చార చూసి హైన్స్‌కి ఆలోచన తట్టిందని చెబుతారు. 1911లో ట్రెంటన్ దగ్గర రివర్ రోడ్డు మధ్యలో గీత పడింది.

ఈ సంగతి అంత దూరం పాకలేదో ఏమో, 1917లో కాలిఫోర్నియా ఎడారి పట్టణం ఇండియోలో డాక్టర్ జూన్ మెకరోల్‌కి అదే ఆలోచన విడిగా వచ్చింది. ఎదురుగా నడిమధ్య నుంచి వస్తున్న ట్రక్కును తప్పించుకోబోయి ఆవిడ కారు ఇసుకలోకి దిగింది. గీత వెయ్యండని అధికారుల్ని అడిగితే పట్టించుకోలేదట. సరే, తనే రంగు తీసుకుని వేసేసింది! మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాస్తే, 1924లో ఆ రాష్ట్రం ఒప్పుకుంది. అమెరికా మొత్తానికీ ఒకే నియమాల పుస్తకం 1935లో వచ్చింది. ఎదురెదురు వాహనాల మధ్య గీత పసుపుపచ్చగా ఉండాలన్నది మాత్రం 1971లో స్థిరపడింది.

ఇదంతా ఎదురొచ్చేవాడి నుంచి కాపాడే గీతల చరిత్ర. ఫ్రీవేల మీద ఎదురొచ్చేవాడు డివైడర్ అవతల ఉంటాడు, గండం పక్కనుంచి వస్తుంది. అక్కడ మామూలు లేన్ గీత పది అడుగుల ముక్క, ముప్పై అడుగుల ఖాళీ. ఇంకాసేపట్లో అయిపోయే లేన్ పక్కన కూడా అదే గీత ఉంటే, నా దారి ఇలాగే సాగుతుందని డ్రైవరు ధీమాగా పోతాడు. అందుకని అలాంటిచోట మూడడుగుల ముక్క, తొమ్మిదడుగుల ఖాళీతో దగ్గర దగ్గరగా చుక్కల గీత వేస్తారు. 2009 నాటి నియమాల పుస్తకం దీన్ని తప్పనిసరి చేసింది. ర్యాంపు దిగగానే తెంపు లేని గీత ఉంటుంది: ఇంకా దాటకు, వేగం అందుకో అని. తర్వాత చుక్కలు: సందు చూసుకుని దూరు అని. ఆ తర్వాత గీతే ఉండదు, అప్పటికి మీరు అవతల ఉండాలి. లక్ష్మణరేఖ దాటొద్దంటుంది, ఈ చుక్కలు వేళకి దాటమంటాయి.

మనకీ పుస్తకాల్లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గీతల నియమావళి 1970 నాటిదే. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద తెల్లగా మెరిసే గీతల్ని మా బావకి చూపిస్తే, "రెండు గీతల మధ్య నడిపితే సగం రోడ్డు వేస్టు కదయ్యా" అన్నాడు. గీత రంగే, దానికి విలువ ఇచ్చేది పక్కవాడి మాట మీద మన నమ్మకం.

ఇదంతా విని మా అమ్మాయి కాసేపు ఊరుకుని, "మరి మంచు పడి గీతలు కనపడకపోతే?" అంది.

పాతికేళ్ళ కిందట నన్నెవరూ కూర్చోబెట్టి చెప్పని మాట చెప్పాను. "నీకు కనపడకపోతే పక్కవాడికీ కనపడవమ్మా. వాడికి చోటు వదులు. ర్యాంపు చివర మాత్రం ఆగకు."