గది నంబరు లేని టిక్కెట్టు

క్రూయిజ్ బుక్ చేసినవాళ్ళకి ఈ తమాషా అనుభవమే. అదే ఓడ, అదే తారీఖు, అదే బాల్కనీ క్యాబిన్. నంబరు మనమే ఎంచుకుంటే ఒక రేటు. "ఏదో ఒకటి మీరే ఇవ్వండి" అంటే చాలాసార్లు ఇంకాస్త తక్కువ రేటు. ఈ రెండోదాన్ని గ్యారంటీ క్యాబిన్ అంటారు. పేరు చూసి ఫలానా గది గ్యారంటీ అనుకునేరు! గ్యారంటీ తరగతికే. కొన్న తరగతి గానీ అంతకన్నా మంచిది గానీ ఇస్తారు. ఎన్నో డెక్, లిఫ్టు ఎంత దూరం, నెత్తిమీద డాన్స్ హాలుందా లేదా... ఇవన్నీ తర్వాత, ఒక్కోసారి ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు తెలుస్తాయి.

ఖాళీ గదులు బోలెడు కనిపిస్తుంటే ఓ నంబరు పడేయడానికి వీళ్ళ సొమ్మేం పోయింది? కోడు రాసుకు బతికే మనకి ఇది మరీ వింత. డేటాబేసులో ఒక కాలమ్ నింపడానికి ఇంత బేరమా? నిజానికి సొమ్ము పోతుంది. ఎలాగో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఒకప్పుడు ఓడలో గది అంటే ఇంటిస్థలం లాంటిది. ఏ రెండూ ఒకలా ఉండవు. వాస్తు చూసుకున్నట్టు దిక్కు కూడా చూసుకోవాలి. ఇండియాకి వచ్చే పి అండ్ ఓ ఓడల్లో డబ్బున్న దొరలు వచ్చేటప్పుడు ఎడమవైపు, తిరిగి వెళ్ళేటప్పుడు కుడివైపు గదులు తీసుకునేవారనీ, 'పోష్' అన్న మాట అందులోంచే పుట్టిందనీ ఓ కథ ఉంది. నిఘంటువులవాళ్ళు ఒప్పుకోరు, దానికి రుజువూ దొరకలేదు. కానీ ఆ కథని జనం ఇట్టే నమ్మడానికి కారణముంది: ఏసీ లేని రోజుల్లో ఎర్రసముద్రం దాటేవాడికి ఎండ ఏ వైపు పడుతుందన్నది చిన్న విషయం కాదు.

ఎవరు ఏ గదిలో ఉన్నారన్న లెక్కా కాగితాల మీదే. 1912లో మునిగిన టైటానిక్ ఫస్టు క్లాసులో ఎవరి గది ఏదో ఈ రోజు కొంతైనా తెలుసంటే, చాలావరకు హెర్బర్ట్ కేవ్ అనే స్టూవర్డ్ మృతదేహం దగ్గర దొరికిన జాబితా వల్లే. అదీ అసంపూర్తి జాబితా. బ్యాకప్ లేని డేటాబేసన్నమాట.

అన్నట్టు, నంబరు లేని టిక్కెట్టు అప్పుడూ ఉండేది, అట్టడుగు తరగతివాళ్ళకి. 19వ శతాబ్దపు వలస ఓడల్లో పొడవాటి హాళ్ళు, వరసగా పలకల మంచాలు. ఎక్కడ చోటు చూపిస్తే అక్కడ పడుకోవడమే.

1958 అక్టోబరులో బీఓఏసీ, పానామ్ కంపెనీల జెట్ విమానాలు అట్లాంటిక్ మీద తిరగడం మొదలైంది. వారం పట్టే ప్రయాణం గంటల్లోకి వచ్చేసరికి పాత ఓడల పని అయిపోయింది. ఆ తర్వాత ఓడనే ఊరుగా అమ్మే వ్యాపారం మయామీలో ఊపందుకుంది. 1966లో సన్‌వార్డ్ అనే ఓడ అక్కణ్ణుంచి క్రూయిజ్‌లు మొదలెట్టింది. 1968లో రాయల్ కరీబియన్, 1972లో కార్నివాల్ పుట్టాయి. (కార్నివాల్ మొదటి ఓడ మార్డి గ్రా మొదటి ప్రయాణంలోనే మయామీ దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. శకునాలు నమ్మేవాళ్ళైతే అక్కడితో కంపెనీ మూసేసేవారు!)

ఈ పనికోసమే కట్టిన కొత్త ఓడల్లో గదులన్నీ ఒకే కొలత. బయట డబ్బాల్లా తయారుచేసి, తెచ్చి ఓడలో అమర్చే పద్ధతి కూడా వచ్చింది. ఏసీ ఉంది కాబట్టి ఎండ ఏ వైపున్నా ఒకటే. మన భాషలో చెప్పాలంటే, అంతకుముందు అమ్మింది ఆబ్జెక్టుల్ని, ఇప్పుడు అమ్ముతున్నది క్లాసుని. గదులు ఒకలా అయ్యాకే "ఏదో ఒకటి" అన్న మాటకి అర్థం వచ్చింది.

ఇక లెక్కలు విమానాలవాళ్ళ దగ్గర్నుంచి వచ్చాయి. 1972లో బీఓఏసీలో పనిచేసే లిటిల్‌వుడ్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు. చవక టిక్కెట్టు 6,000, ఖరీదైనది 10,000 అనుకుందాం. ఈ సీటు తర్వాత 10,000కి పోయే అవకాశం 60 శాతం కన్నా ఎక్కువుంటే ఆగు, తక్కువైతే ఇప్పుడే 6,000కి ఇచ్చెయ్యి. అంతే! 1978లో అమెరికా విమాన ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు తీసేశాక ఈ సూత్రానికి ప్రాణం వచ్చింది. చవక టిక్కెట్లతో దూసుకొచ్చిన పీపుల్ ఎక్స్‌ప్రెస్ మీదకి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985లో ఇదే ఆయుధం తీసింది: ముందుగా కొనేవాళ్ళకి చవగ్గా కొన్ని సీట్లు, మిగతావి చివర్లో వచ్చే ఆఫీసు ప్రయాణికులకి. 1987 కల్లా పీపుల్ ఎక్స్‌ప్రెస్ కాంటినెంటల్‌లో కలిసిపోయింది. అది చూసి హోటళ్ళూ ఓడలూ ఈ విద్య పట్టుకున్నాయి.

కానీ ఓడ లెక్క విమానం కన్నా చిక్కుది. సీటులో కూర్చునేది ఒక్కరే. గదిలో ఇద్దరు, ముగ్గురు, నలుగురు పట్టొచ్చు. ఒక ఓడలో పదే గదులున్నాయి, వాటిలో నాలుగింట్లో నలుగురు పడుకోవచ్చు అనుకోండి. ముందొచ్చిన నాలుగు జంటలు "లిఫ్టు దగ్గర" అని ఆ నాలుగే ఎంచుకున్నాయి. తర్వాత పిల్లలతో వచ్చిన కుటుంబానికి ఏం చెప్పాలి? ఆరు గదులు ఖాళీ, చోటు మాత్రం లేదు! మెమరీ ఖాళీగా ఉన్నా ముక్కలైపోయి ఎలొకేషన్ ఫెయిలైనట్టే. ఆ జంటలకి నంబరు ఇవ్వకుండా ఆపితే, చివర్లో జంటల్ని చిన్న గదుల్లో సర్ది పెద్దవి కుటుంబాలకి ఇవ్వొచ్చు.

దీనిమీద లైఫ్‌బోట్ల లెక్క ఇంకోటి. టైటానిక్‌లో దాదాపు 2,200 మంది ఉంటే బోట్లలో చోటు 1,178 మందికే. ఆ దెబ్బతో 1914లో అంతర్జాతీయ భద్రతా ఒప్పందం వచ్చింది. ఇప్పటికీ ఓడలో మనుషుల సంఖ్యకి ఆ పరిమితి ఉంది కాబట్టే మంచం ఖాళీగా ఉన్నా మూడో మనిషిని ఎక్కించుకోలేని సందర్భాలు వస్తాయి.

ఇదంతా మనకి తెలియని విద్యేం కాదు. మన రైళ్ళలో ఫస్టు ఏసీ టిక్కెట్టు కొంటే కన్ఫర్మ్ అని వస్తుంది గానీ బెర్తు నంబరు రాదు. ఇద్దరుండే కూపేనా, నలుగురుండే క్యాబినా అన్నది చార్టు వేసేటప్పుడే తేలుతుంది. కారణం అదే. 2006లో రైల్వే తెచ్చిన ఉచిత అప్‌గ్రేడ్ కూడా ఇలాంటిదే. స్లీపరువాణ్ణి ఖాళీగా ఉన్న ఏసీలోకి పంపితే, ఆ బెర్తు వెయిటింగ్ లిస్టువాడికి దక్కుతుంది. ఓడవాళ్ళూ అంతే. లోపలి గదులకి గిరాకీ ఉండి బాల్కనీలు మిగిలిపోతే, గ్యారంటీవాణ్ణి పైకి జరిపి కిందిది మళ్ళీ అమ్ముకుంటారు. ఖాళీ గది వాళ్ళకి రెండు నష్టాలు, ఎందుకంటే పెద్ద కంపెనీల ఆదాయంలో సుమారు మూడోవంతు ఓడెక్కాక పెట్టే ఖర్చుదే: బారు, క్యాసినో, ఊళ్ళు తిప్పడం వగైరా.

కాబట్టి ఆ తగ్గింపు ఊరికే ఇచ్చేది కాదు. నిర్ణయం చివరిదాకా వాయిదా వేసుకునే హక్కుని మన దగ్గర కొనుక్కుంటున్నారు. లేట్ బైండింగ్ అన్నమాట. ఇందులో నాకు మోసమేమీ కనబడదు, షరతులు ముందే చెబుతారు కాబట్టి. నన్ను ఆలోచింపజేసేది వేరే. ఈ హక్కు అమ్ముకోగలిగేది ఎవరు? కాళ్ళు బాగున్న, పిల్లల్లేని కుర్ర జంట. ఎక్కడ పడేసినా నిద్రపోతారు, తగ్గింపు జేబులో వేసుకుంటారు. ఇండియా నుంచి వచ్చిన మోకాళ్ళ నొప్పుల అమ్మని అలాస్కా చూపించాలనుకునేవాడికి ఆ అవకాశం లేదు. లిఫ్టు దగ్గర ఉండాలి, అమ్మ గది పక్కగదే తనది కావాలి. రెండు గ్యారంటీ క్యాబిన్లు కొంటే పక్కపక్కన వస్తాయన్న గ్యారంటీ లేదు. కాబట్టి వాడే ఎక్కువ కట్టాలి.

తగ్గింపు ఉన్నంతవరకు ఇది బేరమే. కానీ నంబరు లేనిదే మామూలు టిక్కెట్టయి, ఎంచుకోవడానికి విడిగా రుసుం మొదలైతే, అది అవసరం ఉన్నవాడి మీద వేసిన పన్ను. విమానాల్లో సీటు ఎంపికకి చాలాచోట్ల ఇప్పటికే అదే జరిగింది. అలాంటి సిస్టమ్స్ రాసేది మనలోనే చాలామంది. ఎవరికి పక్కపక్క గదులు తప్పనిసరో అడిగే ఒక ఫీల్డు పెట్టి, వాళ్ళని ముందు సర్దడం పెద్ద కష్టమైన ఆల్గారిథమ్ కాదు. డిజైన్ మీటింగులో ఆ మాట ఎవరో ఒకరు ఎత్తాలి, అంతే.