నన్ను, నాకు, ఐ, మి

డొంకరాయి అంటే మైదానంలో చాలామందికి సీలేరు మీది డ్యాం, కరెంటు. అక్కణ్ణుంచి అరకు దాకా ఉన్న కొండల్లో తెలుగు కాని ఇంటిభాషలు ఎన్నో ఉన్నాయి. కొండదొరలు మాట్లాడే కూబి వాటిలో ఒకటి. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు లోయలో తిరిగి ఆ భాషను నమోదు చేశారు. ఆయన రాసిన కూబి వ్యాకరణం 1969లో అచ్చయింది. అందులో కనిపించే ఒక చిన్న సంగతి, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల విషయంలో చాలా పెద్దది.

తెలుగులో ‘నన్ను’ వేరు, ‘నాకు’ వేరు. కూబిలో ఈ రెండు పనులకూ ఒకటే విభక్తి. ఇంగ్లీషులోనూ అంతే: నన్ను చూసినా, నాకు ఇచ్చినా ‘మి’ అనే అంటారు. అంటే ఈ ఒక్క విషయంలో కూబి పిల్లకి తెలుగుకన్నా ఇంగ్లీషే దగ్గర. కానీ బడిలో ఆ పిల్లకి ఇంగ్లీషు తెలుగు మీదుగా వస్తుంది. ముందు ఒకదాన్ని రెండు చేసి నేర్పుతాం, తర్వాత ఆ రెండూ ఒకటే అంటాం.

ఇంగ్లీషు మాత్రం మొదట్నుంచీ ఇలాగే ఉందా? వెయ్యేళ్ల కిందట అక్కడా ‘అతన్ని’ అనడానికి ‘హినె’, ‘అతనికి’ అనడానికి ‘హిమ్’ ఉండేవి. ‘హినె’ పోయింది, దాని పని కూడా ‘హిమ్’ మీద పడింది. ‘యూ’ అయితే ఒకప్పుడు కర్మ రూపమే. కర్తకి ‘యీ’ ఉండేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ ఆ తేడా పాటించింది గానీ, జనం నోట్లో అప్పటికే అది చెరిగిపోతోంది. చివరికి కర్మ రూపమే కర్త కుర్చీలో కూర్చుంది. దానికి ఇవాళ ఎవరూ మార్కులు తగ్గించరు.

ఇక మన అసలు చిక్కు ‘నాకు తెలుసు’. ఇక్కడ మనం ‘కు’ తగిలిస్తే, ఇంగ్లీషు ‘ఐ’ అడుగుతుంది. పిల్లాడు మాటకు మాట పెట్టి ‘మి నో’ అంటే క్లాసంతా నవ్వుతుంది. కానీ ‘నాకు అనిపిస్తోంది’ అన్నట్టే ఇంగ్లీషువాళ్లూ ‘మీథింక్స్’ అన్నారు. ‘లైక్’ కూడా మొదట్లో మన ‘నచ్చు’ లాంటి క్రియే: నచ్చిన వస్తువు కర్త, నచ్చిన మనిషికి ‘కు’. ఆ వాక్యం తర్వాతెప్పుడో తిరగబడింది.

అయినా ‘మి’ని ‘ఐ’గా దిద్దాల్సిందే. పరీక్షలో, ఉద్యోగంలో అదే చెల్లుతుంది. దిద్దేముందు ‘మీ ఇంట్లో దీన్ని ఎలా అంటారు?’ అని ఒక్కసారి అడిగితే, తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో టీచరుకి తెలుస్తుంది. తన ఇంటిభాషకీ వ్యాకరణం ఉందని పిల్లకి తెలుస్తుంది.