మన గోడ మీది దమయంతి



పోయిన ఆదివారం మన గల్లీలోనే ఒక ఖోలీ ఖాళీ చేస్తుంటే సామాను సర్దడానికి వెళ్ళాం. భంగార్‌వాలాకు వేయడానికి పాత పటాలు తలుపు పక్కన పేర్చి ఉన్నాయి. అడుగున ఉన్నదాని మీద దుమ్ము తుడిస్తే ఎర్రచీర కట్టుకున్న అమ్మాయి బయటపడింది. కొలను దగ్గర నిలబడి ఏదో ఆలోచనలో ఉంది. పక్కన పిట్టగోడ మీద హంస. ఇంటామె "లక్ష్మీదేవి కావచ్చు" అంది. మాలో ఒకరు సరస్వతి అన్నారు, హంస ఉంది కదా మరి!

ఆమె దమయంతి. రాజా రవివర్మ 1899లో వేసిన 'హంస దమయంతి' చిత్రానికి అచ్చుప్రతి అది.

రవివర్మ 1894లో ప్రెస్సు పెట్టింది మనకు నడిచిపోయేంత దూరంలో, గిర్గావ్‌లో. యంత్రాలూ, పనివాళ్ళూ జర్మనీ నుంచి వచ్చారు. ఆ అచ్చు రాతి మీద జరిగేది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఒకే కాగితాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా అన్ని రాళ్ళ మీదా అచ్చొత్తాలి. 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకుంది. తర్వాత ప్రెస్సు లోణావళా దగ్గరి మళవలికి తరలింది, కొన్నేళ్ళకు ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ చేతికి పోయింది. అవి చవకబారు రంగులని విమర్శకులు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. అననివ్వండి. రాజుల గోడల మీది బొమ్మ కూలివాడి ఖోలీలోకి వచ్చింది ఆ చవక వల్లే.

దమయంతి విదర్భ పిల్ల, అంటే ఈ మహారాష్ట్ర ఆడపడుచే. మనకు మాత్రం శ్రీనాథుడి 'శృంగార నైషధం' ద్వారా తెలుగింటి పిల్ల అయింది. నలుడి గురించి హంస చెప్పిన మాటలు విని, చూడని మనిషి కోసం దిగులు పడింది. మన పెద్దలకు ఆ దిగులు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నిజాం రాజ్యం నుంచి కట్టడం పనికి వచ్చిన కామాటీల పేరే ఈ పేటకు పెట్టారు (బయటివాళ్ళకు ఈ పేరు చెబితే ఇంకేదో గుర్తొస్తుంది, అది వేరే బాధ). తర్వాత మిల్లుల్లో చేరినవాళ్ళలో చాలామంది ఇల్లాలిని ఊళ్ళోనే ఉంచి వచ్చారు. వాళ్ళకు హంస అంటే పోస్టుమాన్.

బిల్డింగులు కూల్చి కొత్తవి కడతామంటున్నారు. మంచిదే, కారే కప్పుల కింద ఎన్నాళ్ళు ఉంటాం? కానీ గోడతో పాటు పటమూ పోతోంది. ఖాళీ చేసే ముందు మీ ఇంటి పటాలను ఒకసారి దించి చూడండి. కింది అంచున ఇంగ్లిషులో రవివర్మ ప్రెస్, కార్లా-లోణావళా అని ఉంటే మాకు ఫోటో పంపండి. ఆ పటం ఎవరు కొన్నారో, ఏ గోడకు ఉండేదో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. పేరు లేకపోయినా పంపండి, తర్వాతి కాలం క్యాలెండర్ బొమ్మలూ మనవే.

ప్రస్తుతం దమయంతి సంఘం ఆఫీసులో బీరువా మీద ఉంది. కొత్త ఇల్లు వచ్చాక అడిగితే తిరిగి ఇచ్చేస్తామని ఇంటామెకు చెప్పాం.