జార్జి ఎలియట్ దంపతులు - జర్మను భాష

భార్య చదువుకు మూలం భర్త ఇంట్లో వెతకడం సాహిత్య చరిత్రకారులకు ఒక అలవాటు. ఆ అలవాటు నాకూ ఉందని ఒప్పుకోక తప్పదు. కిందటేడు తరగతిలో నవలా పరిణామం గురించి చెబుతూ, "జార్జి ఎలియట్‌కు జర్మను భాషా పాండిత్యమంతా భర్త లూయిస్ వల్లనే అబ్బింది" అని ధీమాగా అనేశాను. ఒక విద్యార్థిని లేచి, "ఆయనతో పరిచయమైంది 1851లో గదా మాస్టారూ! మరి 1846లో స్ట్రౌస్ గ్రంథాన్ని జర్మను నుంచి అనువదించిందెవరు?" అని అడిగింది. ఆ వేళ నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు ఆలస్యంగానైనా సమాధానం చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

జార్జి ఎలియట్ అసలు పేరు మేరియన్ ఇవాన్స్. 1819లో పుట్టింది. తండ్రి ఒక పెద్ద భూస్వామి ఎస్టేటు వ్యవహారాలు చూసేవాడు. కవెంట్రీలో తండ్రికి ఇల్లు నడిపిపెడుతూనే ఆమె ఒక ఇటాలియను ఉపాధ్యాయుని దగ్గర జర్మను నేర్చుకుంది. స్ట్రౌస్ రాసిన 'యేసు జీవితం' అనువాదాన్ని మొదట చేపట్టింది ఆమె కాదు, ఆమె మిత్రబృందంలోని మరొక యువతి. ఆ యువతికి పెళ్ళి కావడంతో పని ఆగిపోయి, 1844లో మేరియన్ చేతికి వచ్చింది. పదిహేను వందల పుటలు! సువార్త కథలలోని అద్భుతాలు చరిత్ర కావనీ, ఒక సమాజపు విశ్వాసం అల్లిన పురాణాలనీ వాదించిన గ్రంథం అది. రెండేళ్ళు కూర్చుని దానిని పూర్తి చేసింది. ముట్టిన ప్రతిఫలం 20 పౌన్లు. పుస్తకం మీద అనువాదకురాలి పేరైనా లేదు.

ఇక లూయిస్ సంగతి. జార్జి హెన్రీ లూయిస్ (1817-1878) విశ్వవిద్యాలయం గడప తొక్కినవాడు కాదు. కలం మీద బతికినవాడు. నాటకాలు, విమర్శలు, తత్వశాస్త్ర చరిత్ర, ఏది కావాలంటే అది రాశాడు. ఇరవయ్యేళ్ళు దాటగానే బెర్లిన్ వెళ్ళి ఆ భాషను వంటబట్టించుకున్నాడు. అప్పటినుంచి చచ్చేదాకా జర్మనుల మీద ఆయనకున్న మోజు తగ్గలేదు. మొదట గేథే, ఆ తర్వాత జర్మను శరీరధర్మ శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలు. కవినీ శాస్త్రజ్ఞుణ్ణీ ఒక్క మనిషిలో చూపించినందుకే గేథే ఆయనకు ఆరాధ్యుడయ్యాడు.

అంటే ఇద్దరూ ఎవరి దారిన వారు జర్మను నేర్చుకునే వచ్చారన్నమాట. ఒకరు గురువు, ఒకరు శిష్యురాలు అన్న కథ ఇక్కడ పొసగదు.

వారిద్దరూ 1854 జూలైలో కలిసి జర్మనీకి ప్రయాణమయ్యారు. లూయిస్‌కు అంతకుముందే పెళ్ళయింది. భార్యకు మరొకరి వల్ల కలిగిన బిడ్డను తన బిడ్డగానే నమోదు చేయించాడు. దానితో ఆ తప్పును ఆయన మన్నించినట్లే లెక్కకట్టిన ఆనాటి ఇంగ్లీషు చట్టం, విడాకులు కోరే హక్కు లేకుండా చేసింది. సరిగ్గా ఆ నెలలోనే మేరియన్ అనువదించిన ఫాయర్‌బాక్ గ్రంథం 'క్రైస్తవ మత సారం' వెలువడింది. దేవుడిలో మనిషి పూజించేది మనిషి గుణాలనేనని చెప్పిన ఫాయర్‌బాక్, వివాహానికి పవిత్రత ప్రేమ వల్ల వస్తుందిగాని పైనుంచి వేసిన కట్టు వల్ల రాదని కూడా చెప్పాడు. ఆమె అసలు పేరుతో వచ్చిన పుస్తకం అదొక్కటే. అనువదించిన వాక్యానికి ఆమె తన బతుకునే పూచీ పెట్టింది.

వైమార్‌లో మూడు నెలలు, తర్వాత 1855 మార్చి దాకా బెర్లిన్‌లో ఉన్నారు. వైమార్‌లో సంగీత విద్వాంసుడు లిస్ట్, భర్త నుంచి విడాకులు దొరకని ఒక రాకుమారితో కాపురముంటున్నాడు. ఆ ఇంట వీరిని ఆదరంగా చూశారు. గేథే సంభాషణలను గ్రంథస్థం చేసిన ఎకెర్మన్‌ను ఆయన చివరి రోజుల్లో చూడగలిగారు. దీన్నిబట్టి జర్మను సమాజం స్త్రీకి స్వర్గమనుకుంటే పొరపాటే. ఆ సహనం కళాకారుల కూటానిదిగాని ఊరిది కాదు. ఇంగ్లండులో మాత్రం అదికూడా దొరకలేదు. తిరిగివచ్చాక విందులకు లూయిస్‌ను పిలిచేవారు, ఆమెను పిలిచేవారు కాదు. సొంత అన్న ఇరవై యేళ్ళకు పైగా మాట్లాడటం మానేశాడు.

లూయిస్ రాసిన 'గేథే జీవితం' 1855లో వచ్చింది. జర్మనులు దాన్ని తమ భాషలోకి తెచ్చుకుని చదివారు. అందులో ఉదాహరించిన భాగాలు ఎన్నింటినో ఇంగ్లీషు చేసిపెట్టింది మేరియన్. పేరు లూయిస్‌కు దక్కింది. ఇక్కడ ఆగిపోతే మనకు తెలిసిన పాత కథే అవుతుంది. కాని రెండో వైపు కూడా ఉంది. 1856లో జర్మను రచయిత రీల్ గ్రంథాలను సమీక్షిస్తూ ఆమె ఒక పెద్ద వ్యాసం రాసింది. చిత్రాల్లోనూ నవలల్లోనూ కనిపించే నవ్వుల రైతు అబద్ధమనీ, శ్రమజీవిని ఉన్నవాణ్ణి ఉన్నట్లు చూపనిదే పాఠకుడి సానుభూతి పెరగదనీ అందులో వాదించింది. రీల్ రాజకీయంగా ఛాందసుడు. అయినా రైతును దగ్గరగా చూసినవాడు. ఆమె ఆ చూపును తీసుకుని ఛాందసాన్ని వదిలేసింది. ఆ వ్యాసం వచ్చిన కొద్ది నెలలకే మొదటి కథకు కలం పట్టింది. కథలు రాయమని వెంటపడినవాడు లూయిస్. ప్రచురణకర్తతో బేరాలాడినవాడు, కటువైన విమర్శలు ఆమె కంటపడకుండా దాచినవాడూ ఆయనే. వడ్రంగి కథానాయకుడైన 'ఆడం బీడ్' (1859)లో కొంత భాగం మ్యూనిక్, డ్రెస్డెన్ నగరాల్లోనే సాగింది.

ఇప్పుడు 'మిడిల్‌మార్చ్' (1871-72) చూడండి. అందులో కసాబన్ అనే పండితుడు సకల పురాణాలకూ ఒకే తాళంచెవి కనిపెడతానని జీవితమంతా ధారపోస్తాడు. పడుచు భార్య డొరొతియా ఆయనకు సేవ చేయడమే విద్య అనుకుంటుంది. ఆ పనిని జర్మనులు ఎన్నడో దాటిపోయారనీ, ఆయనకు జర్మను రాదనీ ఆమెకు రోమునగరంలో మరొకరి నోట తెలుస్తుంది. భర్త పాండిత్యం భార్యకు చెరసాల కావడమంటే అదీ. జర్మను మోజు ఉన్న భర్తతో పదిహేడేళ్ళు కాపురం చేసిన రచయిత్రి, జర్మను రాని భర్తను సృష్టించింది. తన ఇంట్లో లేనిదేమిటో ఆమెకు బాగా తెలుసు.

1878లో లూయిస్ పోయాడు. ఆయన వదిలివెళ్ళిన శాస్త్రగ్రంథపు చివరి సంపుటాలను ఆమె సరిదిద్ది అచ్చు వేయించింది. ఆయన పేర కేంబ్రిడ్జిలో శరీరధర్మ శాస్త్ర విద్యార్థులకు వేతనం ఏర్పాటు చేసింది. 1880లో ఆమె చనిపోతే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటు దొరకలేదు. హైగేట్ శ్మశానంలో లూయిస్ సమాధి పక్కనే పడుకుంది. ఫాయర్‌బాక్‌ను చదివి, ఆయనను దాటి, లోకాన్ని మార్చాలన్న జర్మను ప్రవాసి మార్క్స్‌ను కూడా మూడేళ్ళకు అదే శ్మశానంలో పాతిపెట్టారు.

ఆ విద్యార్థిని ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. స్ట్రౌస్ అయినా గేథే అయినా నాకు ఇంగ్లీషు దాటి తెలియదు. ఆ ఇంగ్లీషు వెనక రెండేళ్ళు తలవంచి కూర్చున్న ఒక యువతి ఉందని కూడా గుర్తించక, ఆమె విద్యను మరొకరి ఖాతాలో జమకట్టాను. కసాబన్‌ను చూసి నవ్వే హక్కు నాకు లేదు. ఈ యేడు అదే పాఠం మళ్ళీ చెప్పాలి. ఈసారి 1846 నుంచి మొదలుపెడతాను.