చిలుము, విద్యుత్తు, పూత: పాడైన చేతి గడియారాల పునరుద్ధరణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
చిలుము పట్టి గుంటలు పడిన పాత చేతి గడియారపు కేసును విద్యుల్లేపనంతో మళ్ళీ నిలబెట్టడం నేడు మరమ్మతుదారులూ సేకర్తలూ చేస్తున్న పని. ఈ పనికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి జెనీవా గడియార పరిశ్రమలో పాదరసపు పూతకు ప్రత్యామ్నాయంగా పుట్టిన పూతల చరిత్ర. రెండవది మ్యూజియాలలో కంచు వస్తువులకు విద్యుత్తుతో చేసిన చికిత్సల చరిత్ర. 1920ల న్యూయార్క్‌లో ఈ రెండూ ఒకే ప్రయోగశాలలో కలిశాయి. ఆ కలయిక వెలుగులో, గడియారానికి మళ్ళీ పూత వేయడం పునరుద్ధరణ అవుతుందా, ఆధారాలను చెరిపివేయడం అవుతుందా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: విద్యుల్లేపనం, చిలుము, చేతి గడియారం, క్రోమియం, పరిరక్షణ, కళాయి, గిల్టు.

1. ఉపోద్ఘాతం

ఇనుముకు పట్టేది తుప్పు; రాగికీ ఇత్తడికీ కంచుకూ పట్టేది చిలుము. తెలుగు ఈ రెండింటినీ వేరువేరు మాటలతో పిలుచుకుంది. గడియారాల విషయంలో ఈ తేడా పట్టించుకోదగినది. ఇరవయ్యవ శతాబ్దంలో సామాన్యుడి చేతికి వచ్చిన గడియారాలలో చాలావాటికి కేసు ఇత్తడిది. దానిపైన నికెల్, ఆపైన క్రోమియం పూతలుండేవి. వెనుక మూత మాత్రం తుప్పు పట్టని ఉక్కుతో చేసేవారు. కొన్ని దశాబ్దాల వాడకం తర్వాత లోపలి యంత్రం చక్కగా నడుస్తూనే ఉంటుంది గాని, కేసు అంచులు పచ్చబడి, పొరలు లేచి, సూది మొనతో పొడిచినట్టు గుంటలు పడి ఉంటాయి. ఈ గుంటలను రాగితో పూడ్చి, మళ్ళీ నికెల్ వేసి మెరిపించడమే ఇక్కడ పరిశీలిస్తున్న పని. పైకి ఇది ఒక చేతిపని. దాని వెనుక ఉన్న వాదాలు మాత్రం దాదాపు రెండు శతాబ్దాల నాటివి.

2. జెనీవా: పాదరసపు ఆవిరి నుంచి విద్యుత్తు దాకా

గడియారానికీ విద్యుల్లేపనానికీ ఉన్న బంధం పుట్టుకనుంచే ఉంది. వోల్టా తన విద్యుత్ స్తంభాన్ని 1800లో ప్రకటించాడు. 1805లో ఇటలీకి చెందిన లుయిజీ బ్రుగ్నతెల్లీ ఆ స్తంభం సహాయంతో వెండి పతకాలకు బంగారు పూత వేశాడు. ఆ ప్రయోగం చాలాకాలం మరుగునపడి ఉండిపోయింది. పరిశ్రమలో మాత్రం పాత పద్ధతే సాగింది: బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దగా చేయడం, దానిని లోహానికి పూయడం, నిప్పు మీద కాచి పాదరసాన్ని ఆవిరిగా పంపివేయడం. బంగారం వస్తువుకు అంటుకునేది, ఆవిరి పనివాని ఊపిరితిత్తుల్లోకి చేరేది. చేతుల వణుకు, పళ్ళు ఊడటం, అకాల మరణం ఆ వృత్తికి గుర్తులయ్యాయి. పారిస్‌లో కంచు పనుల వ్యాపారి రావ్రియో, ఈ విషం నుంచి పనివారిని కాపాడే ఉపాయం కనిపెట్టినవారికి 3000 ఫ్రాంకులు ఇవ్వాలని వీలునామాలో రాసి 1814లో మరణించాడు. ఆవిరిని బయటికి లాగివేసే పొయ్యిని రూపొందించిన దార్సే 1818లో ఆ బహుమతిని అందుకున్నాడు. పొయ్యి మారింది గాని పాదరసం పోలేదు.

పాదరసాన్నే తొలగించాలన్న పట్టుదల జెనీవా భౌతిక శాస్త్రవేత్త ఆగూస్ట్ ద లా రీవ్‌ది. ఆ నగర జీవనాధారాలలో గడియారాల తయారీ ముఖ్యమైనది. గడియారం లోపలి ఇత్తడి పలకలకు సైతం బంగారు పూత వేసేవారు. అతడు అనేక సంవత్సరాల ప్రయత్నం తర్వాత 1840లో తన విద్యుత్ పద్ధతిని ప్రకటించాడు. ఫ్రెంచ్ విజ్ఞాన అకాడమీ అతనికి 3000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. రావ్రియో వీలునామాలోని మొత్తమూ ఇదే కావడం కాకతాళీయమే అయినా, రెంటి వెనుకా ఉన్నది ఒకే ఆవేదన.

ద లా రీవ్ పద్ధతికి ఒక లోపముంది. బంగారు క్లోరైడు ద్రావణంలోని ఆమ్లం, పూత వేయవలసిన లోహాన్నే తినివేసేది. ఈ చిక్కు బర్మింగ్‌హామ్‌లో విడిపోయింది. అక్కడి శస్త్రవైద్యుడు జాన్ రైట్, షీలే రచనల ఆధారంగా పొటాషియం సైనైడు ద్రావణంలో బంగారం, వెండి చక్కగా కరిగి నిలకడగా ఉంటాయని గ్రహించాడు. ఎల్కింగ్‌టన్ దాయాదులు ఆ ఆవిష్కరణను తీసుకొని 1840లో పేటెంటు పొందారు. పూతల పరిశ్రమ అక్కడి నుంచి విస్తరించింది. పాదరసపు విషం పోయి సైనైడు విషం వచ్చిందన్న మాట వాస్తవమే. కాని సైనైడును తొట్టెలో అదుపులో ఉంచవచ్చు. ఆవిరైన పాదరసాన్ని ఉంచలేము. ద లా రీవ్ పేరు నేడు పూతల చరిత్రలో ఎల్కింగ్‌టన్ నీడలో పడిపోయింది. ఇది కొంత అన్యాయం, ఎందుకంటే లాభం కోసం కాక పనివాని ప్రాణం కోసం ఈ శాస్త్రాన్ని ఆశ్రయించినవాడు అతడే.

3. న్యూయార్క్: ఒకే చేయి, రెండు పనులు

నికెల్ పూతకు స్థిరమైన ద్రావణాన్ని అమెరికాలో ఆలివర్ వాట్స్ 1916లో ప్రకటించాడు. నేటికీ ఆ ద్రావణం అతని పేరుతోనే వాడుకలో ఉంది. నికెల్ కాలక్రమేణా మసకబారుతుంది. మసకబారని క్రోమియంను పరిశ్రమ స్థాయిలో పూయడం 1920ల మధ్యలో సాధ్యమైంది. ఆ ఘనతలో పెద్ద పాలు కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కాలిన్ ఫింక్‌ది, అతనితో పనిచేసిన చార్లెస్ ఎల్డ్రిడ్జ్‌ది. చవకైన గడియారపు ఇత్తడి కేసు ఉక్కులా మెరవడం ఆ తర్వాతి దశాబ్దాలలో సర్వసాధారణమైంది.

పూతల చరిత్రకారులు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. ఆగకూడనిది ఇక్కడే. అదే ఫింక్, అదే ఎల్డ్రిడ్జ్ 1925లో మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున ప్రాచీన కంచు వస్తువుల పునరుద్ధరణపై ఒక నివేదిక వెలువరించారు. చిలుము పట్టిన వస్తువును ఋణధ్రువంగా చేసి, సుమారు 2 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచి, స్వల్ప విద్యుత్తును దీర్ఘకాలం ప్రవహింపజేయడం వారి పద్ధతి. చిలుముగా మారిన రాగి నెమ్మదిగా తిరిగి లోహమవుతుందనీ, చిలుము పొరలో నిలిచిన నగిషీ వివరాలు అలాగే మిగులుతాయనీ వారి వాదం. ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1888లో బెర్లిన్ రాజ మ్యూజియాల ప్రయోగశాలలో చేరిన ఫ్రీడ్రిఖ్ రాట్‌గెన్, ఫింకెనర్ సూచించిన విద్యుత్ పద్ధతిని అంతకుముందే వాడాడు. ఫింక్ బృందం దానికి నెమ్మదితనాన్ని జోడించింది.

ఈ పద్ధతి భారతదేశానికి త్వరలోనే చేరింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలోని కంచు విగ్రహాలకు రోగంలా వ్యాపిస్తున్న చిలుమును చూసి, అప్పటి సూపరింటెండెంట్ గ్రేవ్లీ రసాయన ప్రయోగశాల అవసరాన్ని గుర్తించాడు. 1930లో అక్కడ చేరిన ఎస్. పరమశివన్ విద్యుద్విశ్లేషణతో అనేక విగ్రహాలకు చికిత్స చేశాడు. అమరావతి శిల్పాలకు నిలయమై, అప్పటి ఆంధ్ర జిల్లాలకు కూడా రాజధాని నగర మ్యూజియమైన ఆ సంస్థ ఈ విధంగా పరిరక్షణ శాస్త్ర చరిత్రలో చోటు సంపాదించుకుంది.

తర్వాతి తరాల పరిరక్షకులు విద్యుత్ చికిత్సపై తీవ్ర అభ్యంతరాలు తెలిపారు. చిలుము పొర అడుగున దాగిన అసలు ఉపరితలం, ఆ పొరలో చిక్కుకున్న వస్త్రపు నూలు జాడలు, పూడ్చిపెట్టబడిన నేలను గురించిన సాక్ష్యం చికిత్సతో పోతాయి. తిరిగి ఏర్పడిన రాగి పొడిపొడిగా ఉంటుంది. 1964 నాటి వెనిస్ ప్రకటన, కట్టడాల విషయంలో, పునరుద్ధరణ ఊహ మొదలయ్యేచోట ఆగాలని నిర్దేశించింది. వస్తు పరిరక్షణలో సైతం అదే ధోరణి బలపడింది. 1967లో మాడ్సెన్ ప్రతిపాదించిన బెంజోట్రయజోల్ వంటి రసాయనాలు చిలుమును తీయకుండానే స్థిరపరచే దారి చూపాయి.

4. ఇత్తడి కేసు, చెమట, చిలుము

గడియారంలో చిలుము కథ మట్టిలో మొదలుకాదు, మణికట్టు మీద మొదలవుతుంది. చెమటలో ఉప్పు ఉంటుంది, లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. మెరిసే క్రోమియం పొర మందం సాధారణంగా అర మైక్రానుకు మించదు. కంటికి కనిపించని రంధ్రాలు, పగుళ్ళు దానికి సహజం. నిజమైన రక్షణ అడుగున ఉన్న నికెల్‌దే. ఆ నికెల్ పలుచగా ఉన్నచోట ఉప్పునీరు ఇత్తడిని చేరుతుంది. ఇత్తడిలోని జింకు ముందుగా కరిగిపోతుంది, గుల్లబారిన ఎర్రని రాగి మిగులుతుంది. పట్టీని పట్టి ఉంచే కొమ్ముల లోపలి వైపు, వెనుక మూత కలిసే అంచు ముందుగా దెబ్బతినడానికి కారణం చెమట అక్కడ ఆరకుండా నిలవడమే. కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఈ క్షయం ఎంత వేగంగా సాగుతుందో వాచీ మరమ్మతు దుకాణాలవారికి శాస్త్రం చెప్పనక్కరలేదు.

5. గుంటను పూడ్చే లెక్క

మరమ్మతులో మొదట యంత్రాన్ని, డయలును, అద్దాన్ని పూర్తిగా విడదీయాలి. పాత గడియారాల ముళ్ళమీద, అంకెలమీద చీకట్లో వెలిగే రేడియం పూత ఉండవచ్చు. వెలుగు పోయినా రేడియం పోదు, దాని అర్ధాయువు సుమారు 1600 సంవత్సరాలు. కాబట్టి దానిని గీకకూడదు. తర్వాత పాత క్రోమియం, నికెల్ పొరలను తీసివేసి, గుంటల అడుగున ఉన్న చిలుమును ఆఖరి కణం దాకా తొలగించాలి. క్లోరైడు ఏ మాత్రం మిగిలినా కొత్త పూత కింద అది పని సాగిస్తుంది. కొన్ని నెలల్లో పూత బుడగలా లేస్తుంది.

ఆ పిమ్మట కాపర్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల ద్రావణంలో కేసును ఋణధ్రువంగా, రాగి పలకను ధనధ్రువంగా ఉంచుతారు. ఫారడే 1830లలో నిర్ధారించిన సూత్రాల ప్రకారం, ఒక ఆంపియర్ విద్యుత్తు ఒక గంటలో 1.186 గ్రాముల రాగిని చేరుస్తుంది. చదరపు డెసిమీటరుకు 2 ఆంపియర్ల చొప్పున ఇది గంటకు సుమారు 26 మైక్రాన్ల మందం. 0.3 మిల్లీమీటర్ల లోతైన గుంట నిండడానికి లెక్క ప్రకారం 11 గంటలకు పైగా పట్టాలి. వాస్తవంలో ఇంకా ఎక్కువ పడుతుంది. విద్యుత్తు అంచుల దగ్గరే గుమికూడుతుంది; గుంట అడుగుకు తక్కువ చేరుతుంది. ఇరుకైన గుంటకు నోరు ముందే మూసుకుపోయి లోపల ద్రావణం చిక్కుపడుతుంది. అందుకే గుంట నోటిని ముందు వెడల్పు చేయడం, కొంత పూసి, ఎత్తైనచోట అరగదీసి, మళ్ళీ పూయడం ఆచారం. ఆ తర్వాత నికెల్, కావాలంటే క్రోమియం. ఆరు వేలెన్సీ గల క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారకం కనుక ఇంటి బల్లమీద పనిచేసేవారు నికెల్‌తోనే ఆపడం మేలు. ద లా రీవ్ భయపడిన ఆవిరి రూపం మార్చుకుని ఇక్కడా ఉంది.

ఈ క్రమంలో అరగదీత వల్ల జరిగే నష్టం పూత వల్ల జరిగే నష్టం కన్నా పెద్దది. కేసు కొమ్ముల పదునైన అంచులు గుండ్రబడతాయి, చెక్కిన అంకెలు పలుచబడతాయి. రాగిని కరిగించి తీసివేయవచ్చు గాని, అరిగిన ఇత్తడిని తిరిగి తేలేము.

6. కళాయి, గిల్టు: మాటలలో ఉన్న తీర్పు

మళ్ళీ పూత వేయడం మోసమా అన్న ప్రశ్నకు యూరోపియన్ సిద్ధాంతం ఒక్కటే కొలమానం కానక్కరలేదు. తెలుగువారి వంటింటిలో ఇత్తడి, రాగి పాత్రలకు తగరపు కళాయి ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ వేయించుకునేవారు. కళాయి పోయిన పాత్రలో పులుసు చిలుముతో విషమవుతుంది. కళాయి కొత్తదైనంత మాత్రాన బిందె కొత్తదని ఎవరూ అనలేదు, పాతది పోయిందనీ అనలేదు. ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘గిల్టు’ అనే మాట మాత్రం తెలుగులో నకిలీకి పర్యాయపదమైంది. మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి నగలు ఆ మాటకు గౌరవప్రదమైన అర్థాన్ని కూడా ఇచ్చాయి. అవి బంగారం కావని కొనేవారికి తెలుసు, అమ్మేవారూ దాచరు. దాపరికం లేనిచోట పూత మోసం కాదు.

ఇత్తడి కేసుకు పుట్టుకతోనే పూత ఉంది. దానిని మళ్ళీ వేయడం తయారీదారు చేసిన పనినే తిరిగి చేయడం. ఈ అర్థంలో అది కళాయికి దగ్గర. గుంటలను నింపిన రాగి అలాంటిది కాదు, అది కొత్త చేర్పు. పైగా వాడకంలో ఉన్న గడియారానికి వర్తించే నియమం సాక్ష్యంగా మారిన గడియారానికి వర్తించదు. జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. చేతి గడియారాల ఉత్పత్తిని తీసుకుందాం. ‘జనతా’ వంటి నమూనాలు లక్షల చేతుల్లో తిరిగినన్నాళ్ళూ కేసుకు మెరుగు పెట్టించడం మామూలు మరమ్మతే. 2016లో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపాక పరిస్థితి మారింది. మిగిలిన ప్రతి అసలు ఉపరితలం స్వాతంత్ర్యానంతర పరిశ్రమల చరిత్రకు ఒక పత్రమైంది. ఏ పూత ఎంత మందంలో వేశారు, ఏ దశాబ్దంలో నాణ్యత తగ్గింది వంటి ప్రశ్నలకు సమాధానం ఆ లోహంలోనే ఉంది. అందరి కేసులూ మళ్ళీ పూతపడితే ఆ పత్రం చదవడానికి వీలుండదు.

కాబట్టి పనిచేసేవారు కనీసం కొన్ని జాగ్రత్తలు పాటించడం అవసరం. పూతకు ముందు అన్ని వైపుల నుంచి ఛాయాచిత్రాలు తీయాలి. వెనుక మూత మీది అంకెలను అరగదీయకుండా, నకలు రాసి ఉంచాలి. మూత లోపలి వైపు, కొమ్ముల మధ్య భాగం వంటి కనిపించని చోట పాత పూతను లక్కతో కప్పి కొంత మేర అలాగే వదలాలి. ఏ లోహం, ఎన్ని గంటలు, ఏ తేదీన పూశారో ఒక చీటీమీద రాసి గడియారంతోపాటే ఉంచాలి. అమ్మే సందర్భంలో ఆ చీటీ కూడా చేతులు మారాలి.